కెమిస్ట్రీలో ఎవరి పేరు ఏ పురస్కారానికి పంపాలి?

యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లలో, రీసెర్చ్ ల్యాబుల్లో, ఫార్మా కంపెనీల ఆర్ అండ్ డీ విభాగాల్లో ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. మంచి పని చేసిన మనిషి కళ్లెదుటే ఉంటారు. ఆ పేరు ఎక్కడికి పంపాలి? చాలాచోట్ల జరిగేదేమిటంటే, ముందు ఏ ప్రకటన కంటపడితే దానికే పంపేస్తారు. గడువు ముగిసే రోజు టెన్షన్‌గా బయోడేటా అప్‌లోడ్ చేస్తారు. రాకపోతే పైరవీలు లేనిదే ఏదీ రాదని నిట్టూరుస్తారు. పైరవీలు అసలు లేవని నేననను. కానీ నేను చూసినంతలో ఎక్కువ నామినేషన్లు ఓడిపోయేది తప్పుడు తలుపు తట్టినందుకే.

సైన్స్ సొసైటీలు ఇచ్చే గౌరవాలన్నీ ఒక రకం కావు. కొన్ని ఒకే ఒక్క ఆవిష్కరణకు ఇస్తారు. కొన్ని జీవితకాల కృషికి, కొన్ని ఇంకా ఎదుగుతున్న యువ పరిశోధకులకు. ఇంకొన్నింటికి పరిశోధన ఒక్కటే చాలదు, ఆ సొసైటీకి చేసిన సేవ కూడా కావాలి. అమెరికన్ కెమికల్ సొసైటీ ఫెలో (విశిష్ట సభ్యుల) హోదా ఇలాంటిదే. అందులో సభ్యులై ఉండాలి, సైన్స్‌లో చేసిన పనితోపాటు సొసైటీ కోసం చేసిన పని కూడా చూపించాలి. ఎంత గొప్ప పేపర్లున్నా, సొసైటీ కమిటీల్లోగానీ లోకల్ సెక్షన్లలోగానీ ఏ పనీ చేయనివారి పేరు అక్కడికి పంపడం వృథా. కాబట్టి నామినేషన్ ఫారం తెరవకముందే ఆ పురస్కారం నియమావళి మొదటి పేరా చదవండి. దేనికి ఇస్తారో ఆ ఒక్క వాక్యంలో ఉంటుంది. మీ అభ్యర్థి చేసిన పనిని ఆ వాక్యం పక్కన పెట్టి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

పీహెచ్‌డీ నుంచి నలభై ఐదు దాకా

ఈ మధ్యనే పీహెచ్‌డీ పూర్తిచేసినవారికి నేను మొదట చెప్పేది ఐయూపాక్–సాల్వే యువ రసాయన శాస్త్రవేత్తల పురస్కారం. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య ఐయూపాక్ అంటే మనకు మూలకాల పేర్లు, కర్బన సమ్మేళనాల నామకరణ పద్ధతి గుర్తొస్తాయి. అదే సంస్థ ఈ పురస్కారాన్నీ నడుపుతోంది. ఇందులో చూసేది థీసిస్‌ను. అభ్యర్థి తన పనిని వివరిస్తూ వెయ్యి పదాల లోపు వ్యాసం రాయాలి. పెద్ద పేరున్న ల్యాబ్ కాకపోయినా, తన పని ఎందుకు ముఖ్యమో తేటగా చెప్పగలిగినవారికి ఇక్కడ అవకాశం ఉంటుంది. మన విద్యార్థులు దీన్ని పెద్దగా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. గైడ్లు తామే చొరవ తీసుకుని ఆ వ్యాసం రాయించాలి. ఎంపిక కాకపోయినా, నాలుగేళ్ల పనిని వెయ్యి పదాల్లో చెప్పడం నేర్చుకున్న విద్యార్థికి పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో తడబాటు ఉండదు.

సొంత ల్యాబ్ పెట్టుకుని కొన్నేళ్లయినవారి ముందు మన దేశంలో ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి, 1999లో ఏర్పడిన కెమికల్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చే పతకాలు. కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు అంచెలు. స్వర్ణం జీవితకాల కృషికి. రెండోది, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాల్లోని విజ్ఞాన్ యువ. మూడోది, సైన్స్ అకాడమీలు ఎన్నుకునే యువ సభ్యత్వాలు, ఫెలోషిప్‌లు.

ఈ మూడింటిలో మొదట కెమికల్ రీసెర్చ్ సొసైటీ వైపు చూడమనే చెబుతాను. అక్కడ ఎంపిక చేసేది రసాయన శాస్త్రవేత్తలే. ఒక కొత్త ఉత్ప్రేరకం ఎందుకు గొప్పదో వాళ్లకు మొదటి నుంచి వివరించాల్సిన పని లేదు. పతకం అందుకున్నవారు సొసైటీ జాతీయ సింపోజియంలో తమ పని మీద ఉపన్యాసం ఇస్తారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కెమిస్టులు, విద్యార్థులు ఆ మాట వింటారు. పతకం ఇంట్లో అల్మారాలో ఉంటుంది. ఉపన్యాసం విన్న విద్యార్థుల్లో ఎవరో ఒకరు ఆ సమస్య మీద పని మొదలుపెట్టే అవకాశం ఉంది. నా దృష్టిలో అసలు విలువ అదే.

విజ్ఞాన్ యువకు పెద్ద చరిత్ర ఉంది. దాని పూర్తి పేరులోనే శాంతిస్వరూప్ భట్నాగర్ పేరుంది. 1958 నుంచి కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ ఇస్తూ వచ్చిన భట్నాగర్ బహుమతి మన దేశంలో 45 ఏళ్ల లోపు శాస్త్రవేత్తలకు దక్కే అతి పెద్ద గౌరవంగా నిలిచింది. 1961లో కెమిస్ట్రీలో దాన్ని అందుకున్న అసీమా ఛటర్జీ ఆ బహుమతి పొందిన తొలి మహిళ. మొక్కల నుంచి ఆల్కలాయిడ్లనే నైట్రోజన్ సమ్మేళనాలు వేరుచేసి, వాటి నిర్మాణాన్ని తేల్చడం ఆమె పని. 2023లో ప్రభుత్వం ఈ బహుమతిని కొత్త వ్యవస్థలో కలిపింది. ఇప్పుడు విజ్ఞాన్ రత్న, విజ్ఞాన్ శ్రీ, విజ్ఞాన్ యువ, విజ్ఞాన్ టీమ్ అని నాలుగు విభాగాలున్నాయి. తొలిసారి 2024లో ఇచ్చారు. యువ విభాగంలో గరిష్ఠంగా 25 మంది. రంగాలు 13. అంటే సగటున ఒక్కో రంగానికి రెండు కూడా రావు. పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సమాజానికో పరిశ్రమకో కలిగిన మేలును చూపించగలిగే పని ఉంటే ఇక్కడికి పంపండి. అది లేకుండా శుద్ధ సిద్ధాంతం మీద పనిచేసేవారైతే, ముందు కెమిస్టులే న్యాయనిర్ణేతలుగా ఉన్నచోట గుర్తింపు తెచ్చుకుని తర్వాత ఇటు రావడం మేలు.

అకాడమీల సంగతి వేరు. 1934లో సి.వి. రామన్ బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఫెలోలను ఎన్నుకుంటాయి. ఎన్నిక కావాలంటే ఇప్పటికే ఫెలోలుగా ఉన్నవారు మన పేరు ప్రతిపాదించాలి. పెద్ద సంస్థల్లో ఉన్నవారికి ఇది సులువు, పక్క గదిలోనే ఫెలో ఉంటారు. శ్రీకాకుళంలోనో, నల్గొండలోనో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో కష్టపడి మంచి పని చేస్తున్నవారికి ఆ సౌకర్యం లేదు. ఇది అన్యాయమే అని నేననుకుంటాను. దీన్ని సరిచేసే శక్తి ఉన్నది ఇప్పటికే ఫెలోలైన పెద్దలకే. ఏడాదికి ఒక్కరైనా తమ సంస్థ బయటివారి పని చదివి, వాళ్ల పేరు ప్రతిపాదిస్తే పరిస్థితి మారుతుంది. అప్పటిదాకా చిన్నచోట ఉన్నవారు చేయగలిగింది ఒకటుంది. సదస్సుల్లో తమ రంగంలోని ఫెలోలను కలిసి పని గురించి మాట్లాడాలి, పేపర్లు పంపాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పని గురించి తెలియనివారు పేరు ఎలా ప్రతిపాదిస్తారు?

బ్రిటన్, అమెరికా సొసైటీలు

బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీకి మూలం 1841లో లండన్‌లో పుట్టిన కెమికల్ సొసైటీ. 1980లో నాలుగు సంస్థలు కలిసి ఇప్పటి రూపం వచ్చింది. అమెరికన్ కెమికల్ సొసైటీ 1876లో న్యూయార్క్‌లో మొదలైంది. రెండూ ఏటా చాలా పురస్కారాలు ఇస్తాయి. అయితే గౌరవం ఎవరికి దక్కాలన్న విషయంలో బ్రిటిష్ సొసైటీ ఇటీవల చేసిన ఆలోచన నాకు చాలా నచ్చింది.

2019లో ఆ సొసైటీ తన బహుమతుల వ్యవస్థను మొత్తం సమీక్షించుకుంది. ఈ రోజుల్లో కెమిస్ట్రీ ఒక్కరు చేసే పని కాదు. సింథసిస్ (పదార్థాల తయారీ) చేసేవారు ఒకరు, అణు నిర్మాణం తెలిపే ఎన్‌ఎంఆర్ పరీక్ష చూసేవారు ఇంకొకరు, క్రిస్టల్ నిర్మాణం తేల్చేవారు మరొకరు, లెక్కలు కట్టేవారు వేరొకరు. బహుమతి మాత్రం ల్యాబ్ అధిపతికి వెళ్తుంది. దీన్ని సరిచేయడానికే హొరైజన్ ప్రైజులు పెట్టారు. 2021లో తొలి విజేతలను ప్రకటించారు. ఇందులో జట్టు మొత్తానికి గౌరవం. విద్యార్థులు, టెక్నీషియన్ల పేర్లు కూడా చేరతాయి. మన దగ్గర విజ్ఞాన్ టీమ్ విభాగం కూడా జట్టుకే ఇస్తారు. 2024లో అది చంద్రయాన్-3 బృందానికి వెళ్లింది. మీ దగ్గర జరిగిన పని నిజంగా పదిమంది కలిసి చేసిందైతే, ఒక్కరి పేరును వ్యక్తిగత పతకానికి పంపకండి. జట్టు విభాగానికే పంపండి. అలా పంపిన నామినేషన్ నిజాయితీగా ఉంటుంది, బలంగానూ ఉంటుంది. ల్యాబ్‌లో రాత్రింబవళ్లు పరికరాలు నడిపిన టెక్నీషియన్ పేరు ఒక్కసారైనా బయటి ప్రపంచానికి తెలియాలి కదా.

ఫార్మా, పాలిమర్, రంగుల కంపెనీల్లో పనిచేసేవారికి అమెరికన్ సొసైటీ దగ్గర సరిపోయే గౌరవం ఒకటుంది. 1996 నుంచి ఇస్తున్న హీరోస్ ఆఫ్ కెమిస్ట్రీ. మార్కెట్లోకి వచ్చి జనానికి ఉపయోగపడిన ఉత్పత్తి వెనకున్న పారిశ్రామిక బృందాలకు ఇది ఇస్తారు. కంపెనీ కెమిస్టుల పనిలో చాలా భాగం పేటెంట్లలోనే ఉండిపోతుంది, పేపర్లు తక్కువ. కాబట్టి పేపర్లు లెక్కపెట్టే పురస్కారాల దగ్గర వాళ్లకు న్యాయం జరగదు. అమెరికాలో ఫార్మా రంగంలో పనిచేస్తున్న మన తెలుగు కెమిస్టులు ఇలాంటి విభాగాల మీద కన్నేసి ఉంచాలి. దీనికంటే పాతది పెర్కిన్ మెడల్. విలియం హెన్రీ పెర్కిన్ 1856లో మావ్ అనే కృత్రిమ రంగును కనిపెట్టారు. దానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1906లో సొసైటీ ఆఫ్ కెమికల్ ఇండస్ట్రీ అమెరికా శాఖ ఈ మెడల్ మొదలుపెట్టి, తొలి పతకం పెర్కిన్‌కే ఇచ్చింది.

అమెరికన్ సొసైటీ ఇచ్చే అత్యున్నత గౌరవం ప్రీస్ట్‌లీ మెడల్. తొలిసారి 1923లో ఇచ్చారు. కెరీర్ మధ్యలో ఉన్నవారు దీని గురించి ఆలోచించక్కర్లేదు, అది జీవితం మొత్తాన్ని చూసి ఇచ్చేది. లోకల్ సెక్షన్లు, సబ్జెక్టు విభాగాలు ఇచ్చే చిన్న పురస్కారాలతో మొదలుపెట్టడం తెలివైన పని. లోకల్ అని తక్కువగా చూడకండి. షికాగో సెక్షన్ ఇచ్చే విలార్డ్ గిబ్స్ అవార్డు 1911లో తొలిసారి స్వీడన్‌కు చెందిన ఆరీనియస్‌కు దక్కింది.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ఎఫ్‌ఆర్‌ఎస్, ఎఫ్‌ఆర్‌ఎస్‌సీ ఒకటి కావు. మొదటిది లండన్ రాయల్ సొసైటీ ఫెలో. అది ఎన్నిక. ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధనకు పునాది వేసినవారిలో ఒకరైన టి.ఆర్. శేషాద్రి 1960లో అలా ఎన్నికయ్యారు. రెండోది రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీలో సభ్యత్వ స్థాయి. అర్హత చూస్తారు, దరఖాస్తు పెట్టుకోవాలి, ఏటా చందా కట్టాలి. వృత్తిలో ఒక స్థాయికి చేరారని అది చెబుతుంది. పెట్టుకోవడం మంచిదే. కాకపోతే బయోడేటాలో దాన్ని పురస్కారాల కింద కాకుండా సభ్యత్వాల కింద రాయండి. చదివే కమిటీ సభ్యులకు తేడా తెలుసు. పురస్కారాల కింద రాస్తే మిగతా వివరాల మీద కూడా వాళ్లకు అనుమానం వస్తుంది.

డబ్బు కట్టమనే అవార్డులు

రోజూ మెయిల్స్ వస్తుంటాయి. మీ పేపర్ చదివి ముగ్ధులమయ్యాం, మిమ్మల్ని అంతర్జాతీయ శాస్త్రవేత్త పురస్కారానికి ఎంపిక చేశాం, రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అని. ఇవి కొనుక్కునే సర్టిఫికెట్లు. యువ అధ్యాపకులు ప్రమోషన్ మార్కుల కోసం వీటికి జీతంలోంచి డబ్బు కట్టడం చూస్తుంటే నాకు కోపం, జాలి రెండూ కలుగుతాయి. కోపం ఆ సంస్థల మీద, జాలి వీళ్ల మీద. గుర్తుపట్టడం కష్టం కాదు. ఎంపిక చేసేవారి పేర్లు ఉండవు. గత విజేతలు ఏ పనికి అందుకున్నారో ఒక్క వాక్యం కూడా ఉండదు. కెమిస్ట్రీ, మేనేజ్‌మెంట్, యోగా అన్నిటికీ ఒకే వేదిక మీద ఇస్తారు. మీరు అడక్కుండానే ఎంపికైపోతారు. అసలైన సొసైటీ గెలిచినవారి దగ్గర డబ్బు తీసుకోదు. సభ్యత్వ చందా, సదస్సు రిజిస్ట్రేషన్ వేరే సంగతి. ఇలాంటి అవార్డు ఒక్కటి బయోడేటాలో ఉన్నా నిజమైన గౌరవాల విలువ తగ్గుతుంది. ఇప్పటికే ఉంటే తీసేయండి.

శాలువా కన్నా ఉపన్యాసం

మీరు గౌరవం అందుకునే వైపు కాక, ఇచ్చే వైపు ఉంటే, అంటే ఒక కాలేజీ కెమిస్ట్రీ అసోసియేషన్‌నో పూర్వ విద్యార్థుల సంఘాన్నో నడుపుతుంటే, మీకూ ఒక ఎంపిక ఉంది. మన దగ్గర సన్మానం అంటే శాలువా, పూలదండ, మెమెంటో. అరగంటలో ముగుస్తుంది. వచ్చినవారికి ఆ మనిషి ఏం పని చేశారో తెలియదు. దానికి బదులు స్మారకోపన్యాసం పెట్టండి. లండన్ కెమికల్ సొసైటీ 1860లలోనే మైకేల్ ఫారడే పేరిట ఉపన్యాసం ఏర్పాటు చేసింది. 1869లో తొలి ఉపన్యాసం ఫ్రెంచ్ కెమిస్ట్ డ్యూమా ఇచ్చారు. అదిప్పటికీ సాగుతోంది. మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పనిచేసిన దర్శన్ రంగనాథన్. పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల గొలుసుల) మీద ఆమె చేసిన పనికి 1999లో కెమిస్ట్రీలో ప్రపంచ విజ్ఞాన అకాడమీ పురస్కారం దక్కింది. 2001లో ఆమె మరణించాక, మహిళా శాస్త్రవేత్తల కోసం ఆమె పేరిట ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీలో స్మారకోపన్యాసం ఏర్పాటైంది. గౌరవం పొందేవారు మాట్లాడతారు, పేరు నిలిచినవారు గుర్తొస్తారు. పెద్ద ఖర్చు కూడా ఉండదు.

స్థలాన్ని గౌరవించడం మరో పద్ధతి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 150వ జయంతి సందర్భంగా 2011లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తన కెమికల్ ల్యాండ్‌మార్క్ ఫలకాన్ని కోల్‌కతాలో ఆయన గౌరవార్థం ఏర్పాటు చేసింది. ఐరోపా బయట అలాంటి ఫలకం అదే మొదటిది. మన ఊళ్లలో కూడా ఇలాంటి చోట్లు ఉన్నాయి. భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితకాలంలో ఏ పెద్ద సొసైటీ పతకం అందుకోలేదు. కానీ ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నుంచి బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఆయన పేరును నిలబెట్టింది. 1995లో భారత తపాలా శాఖ ఆయన స్టాంపు తెచ్చింది. ఆయన చదివిన చోట ఒక ఫలకం, దాని మీద ఆయన చేసిన పని నాలుగు వాక్యాల్లో తెలుగులో ఉంటే, దారిన పోయే పిల్లలు చదువుతారు.

నోబెల్ మాటేమిటి?

నోబెల్‌కు మనం దరఖాస్తు చేసేదేమీ లేదు. రాయల్ స్వీడిష్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆహ్వానించినవారే ప్రతిపాదిస్తారు. తన పేరు తానే పంపుకుంటే చెల్లదు. ప్రతిపాదనల వివరాలు 50 ఏళ్లు రహస్యం. ముగ్గురికి మించి ఇవ్వరు. అయినా దాని గురించి ఇక్కడ ఎందుకంటే, నోబెల్ రానివారిని మిగతా సొసైటీలు ఎలా నిలబెట్టాయో చూడాలి. ఆవర్తన పట్టిక ఇచ్చిన మెండలీవ్‌కు 1906లో నోబెల్ చేజారింది, ఫ్లోరిన్ వేరుచేసిన మ్వాసాన్‌కు వెళ్లింది. మరుసటి ఏడాదే మెండలీవ్ పోయారు. కానీ లండన్ రాయల్ సొసైటీ 1882లోనే ఆయనకూ లోథర్ మేయర్‌కూ కలిపి డేవీ మెడల్ ఇచ్చింది. 1905లో కాప్లీ మెడల్ కూడా ఇచ్చింది. తర్వాత 101వ మూలకానికి ఆయన పేరే పెట్టారు. ఎలక్ట్రాన్ జంటతో బంధాన్ని వివరించిన జి.ఎన్. లూయిస్‌ పేరును ఎన్నోసార్లు ప్రతిపాదించినా నోబెల్ రాలేదు. గిబ్స్ అవార్డు, డేవీ మెడల్ వచ్చాయి. కేంద్రక విచ్ఛిత్తిని వివరించిన లీజె మైట్నర్‌ను వదిలేసి 1944 కెమిస్ట్రీ నోబెల్‌ను ఒక్క ఓటో హాన్‌కే ఇచ్చారు. ఇప్పుడు 109వ మూలకం పేరు మైట్నీరియం. పెద్ద బహుమతి పొరబడినచోట చిన్న సొసైటీల గౌరవాలు మనిషి పనిని కాపాడగలవు. అందుకే చిన్నదైనా తన రంగంవారు ఇచ్చే పతకానికి నేనంత విలువ ఇస్తాను.

నామినేషన్ రాసేవారికి

రెండు పేజీల లేఖలో మొదటి పేజీ అంతా ఎన్ని పేపర్లు, ఆ జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ప్రభావ సూచిక) ఎంత, ఎంతమంది పీహెచ్‌డీలు అని నింపేవారు చాలామంది. ఆ అంకెలు బయోడేటాలో ఎలాగూ ఉంటాయి. లేఖలో చెప్పాల్సింది వేరు. ఈ మనిషి పనికి ముందు ఈ సమస్యలో ఏం తెలియదు, ఇప్పుడేం తెలిసింది, ఎవరు దాన్ని వాడుకుంటున్నారు. మూడు పేపర్లు ఎంచుకుని ఒక్కోదాని గురించి మూడు నాలుగు వాక్యాలు రాయండి. ఉదాహరణకు కొత్త చర్య ఒకటి కనిపెట్టి ఉంటే, దాన్ని వేరే ల్యాబులు తమ సింథసిస్‌లో ఎక్కడ వాడాయో చెప్పండి. ఇతరులు తమంతట తాము వాడుకున్నారంటే అంతకు మించిన రుజువు ఉండదు.

సిఫార్సు లేఖలు కలిసి పేపర్లు రాసినవారి నుంచి కాకుండా, బయటివారి నుంచి తెప్పించండి. దూరంగా ఉండి పనిని మాత్రమే చూసినవారి ఒక్క పేరా, పాత గైడ్ రాసిన మూడు పేజీల కన్నా బరువుగా ఉంటుంది. వాళ్లకు కనీసం నెల రోజులు సమయమివ్వండి. వయోపరిమితి ఉన్న పురస్కారాలకు ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తారో చూసుకోండి. ప్రసూతి సెలవుతోనో, అనారోగ్యంతోనో విరామం తీసుకున్నవారికి సడలింపు ఉందేమో సొసైటీని అడగండి. మహిళల పేర్లు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

ఈ ఏడాది రాకపోతే ఫైలు పారేయకండి. చాలా పురస్కారాలకు మళ్లీ పంపొచ్చు. కొత్త పేపర్లు, కొత్త వాడకాలు చేర్చి వచ్చే ఏడాది పంపండి. ఆ ఫైలు కాపీ ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ఉంచండి. ప్రతిపాదించిన ప్రొఫెసర్ రిటైరైనా, బదిలీ అయినా, పని తర్వాతివారు అందుకుంటారు.